రొయ్యల గుంట కట్ట మీద దొరికిన రాయి

మా డిగ్రీ కాలేజీలో జియాలజీ ల్యాబ్ ఊడ్చి, బీరువాల్లోని రాళ్ళు తుడిచే ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఆమెను నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను మేడమ్ అనేది. చిట్టమూరు మండలంలో సముద్రం వైపున్న ఒక పల్లె నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. పన్నెండేళ్ళుగా తుడిచీ తుడిచీ ఏ అరలో ఏ రాయి ఉందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. చీటీల మీది ఇంగ్లీషు పేర్లు చదవలేదు గానీ తనకు తానే పేర్లు పెట్టుకుంది. మైకా ఆమెకు అద్దాల రాయి, గార్నెట్ దానిమ్మ గింజ. ప్రాక్టికల్ పరీక్షల తర్వాత పిల్లలు రాళ్ళన్నీ కలగాపులగం చేసి పోతే, ఒక్కటి కూడా తప్పకుండా మళ్ళీ దాని చోట సర్దేది.

కార్తీకంలో వానలు పట్టిన రోజులవి. ఒక సోమవారం ఆమె గొడుగు మూల పెట్టి, అన్నం సంచిలోంచి చేతిగుడ్డ మూట తీసి నా బల్ల మీద విప్పింది.

"మేడమ్, ఇది మన బీరువాలో లేదు" అంది.

బొటనవేలంత రాయి. పాలల్లో ఆకుపసరు ఒక చుక్క కలిపినట్టు లేత పచ్చ. చేత్తో తిప్పుతుంటే ముఖాలు వేలికి తగిలాయి. లెక్కపెట్టాను, ఆరు. ఒక కొస విరిగిపోయింది, రెండో కొస కోసి పెట్టినట్టు చదునుగా ఉంది. పక్కన చిన్న మైకా రేకు ఒకటి అంటుకుని మెరుస్తోంది.

"ఎక్కడ దొరికిందక్కా ఇది?"

"మా తమ్ముడి వరి కయ్య పక్కన రొయ్యల గుంట ఉండాది గదా, ఆ కట్ట మీద. నిన్నటి వానకి మట్టి కొట్టుకపోయి పైకి తేలింది. ఆ కట్టకి మొన్న ఎండాకాలంలో..."

"ఉండక్కా, ముందు ఆ కత్తి అందుకో" అన్నాను.

ఆమె మాట ఆపి కత్తి తెచ్చి ఇచ్చింది.

ఆ ఉదయం నేను క్లాసు కూడా కాసేపు మర్చిపోయాను. కత్తి మొనతో గట్టిగా గీశాను. రాయి మీద గీత పడలేదు, కత్తి ఇనుమే నల్లగా అంటుకుంది. ఆరు ముఖాల పచ్చరాయి అంటే అపటైట్ అని కూడా అనుమానించాలి, కానీ అపటైట్ కత్తికి లొంగుతుంది. ఇది లొంగలేదు. తర్వాత బీరువాలోంచి పలుగురాయి ఒకటి తీసి, దాని నున్నటి ముఖం మీద ఈ రాయి అంచుతో గీశాను. తెల్లటి పొడి రాలింది. నోటితో ఊది, గోటితో తడిమి చూశాను. నిజంగానే గాడి పడింది. పలుగురాయినే గీసే రాయి. దారానికి కట్టి గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూచాను. సాంద్రత పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. అప్పటికి ఫైనలియర్ పిల్లలు నా చుట్టూ గుమిగూడారు. ఆమె చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏందని తేలింది మేడమ్?"

"బెరిల్ అక్కా. పచ్చల జాతి."

"పచ్చలంటే, ఉంగరాల్లో పెట్టుకుండేదా?"

"అది కాదు, దాని చుట్టం. ఇది మసకరాయి. నగలకు పనికిరాదు, మనకు పనికొస్తుంది."

ఆమె నవ్వింది. తను తెచ్చిన రాయి బీరువాలోకి వెళ్తోందని మొహం వెలిగిపోయింది.

ముప్పై ఏళ్ళుగా రాళ్ళ గురించి పాఠాలు చెబుతున్నాను గానీ నా అంతట నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు. బెరిల్ దొరకడం మా జిల్లాలో వింత కాదు. గూడూరు అవతల పాత మైకా గనుల దగ్గర ఎప్పటినుంచో దొరుకుతుంది. కానీ చిట్టమూరు దిగువన ఉండేవి నల్లరేగడి, ఇసుక, ఉప్పు నేలలు. అక్కడ బెరిల్ దొరికిందంటే ఆ మట్టి కింద ఎవరికీ తెలియని శిల ఒకటి పడుకుని ఉన్నట్టే. మైకా రేకు అంటుకుని ఉండటం కూడా అందుకు సాక్ష్యమే అనుకున్నాను. రాబోయే సదస్సులో చదవాల్సిన వ్యాసం అప్పుడే నా తలలో మొదటి పేరా దాకా వచ్చేసింది.

నాకు చదువు చెప్పిన మాస్టారు ఒకరు క్షేత్ర పర్యటనల్లో ఎప్పుడూ ఒకే మాట అనేవారు. "రాయి పేరు తప్పు రాసినా పర్వాలేదమ్మా. రేపు ఇంకొకరు పరీక్ష చేసి దిద్దుతారు. చోటు మాత్రం తప్పు రాయవద్దు. ఆ రాతిని ఎంత గీసినా, ఎంత తూచినా చోటు చెప్పదు. నువ్వు రాసిందే దానికి చోటు." ఆ మాట నేను ఏటా నా పిల్లలకు చెబుతాను. ఆ రోజు కూడా చెప్పాను. చెప్పి, చోటును కళ్ళతో చూడకుండానే రిజిస్టరులో రాశాను. చిట్టమూరు మండలం, ఫలానా పల్లెకు తూర్పున, రొయ్యల గుంట కట్ట. అట్ట ముక్క మీద అదే చీటీ రాసి రాయి పక్కన పెట్టాను. ఆదివారం వెళ్ళి చూద్దాంలే, వాన తెరిపి ఇవ్వనీ అనుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మధ్యాహ్నం రాయినీ చీటీనీ కలిపి ఫోటో తీసి, మా లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మన తీర మండలంలో పచ్చల జాతి ఖనిజం, మొదటిసారి" అని రాశాను. సాయంత్రం దాకా వచ్చిన అభినందనలన్నీ ఒక్కొక్కటే చదువుకున్నాను.

బుధవారం కోవూరులో ఉండే మా వదిన ఫోన్ చేసింది. "మీ వైపు పచ్చలు పడినాయంట గదా. నాకొకటి దాచిపెట్టు" అని నవ్వింది. ఆవిడ పంపిన మెసేజీ తెరిచి చూస్తే నా ఫోటోనే. చీటీలో ఊరి పేరు చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు. జాతి అన్న మాట ఎగిరిపోయింది, ఖనిజం అన్న మాట ఎగిరిపోయింది. పచ్చలు మాత్రం మిగిలాయి.

గురువారం ఆమె పదకొండింటికి వచ్చింది. పన్నెండేళ్ళలో ఆమె ఆలస్యంగా రావడం నాకు గుర్తులేదు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా బురద.

"మేడమ్, మా తమ్ముడి కయ్య కాడికి జనం వచ్చినారు. ఆటోల్లో వచ్చినారు. గడ్డపారలు, జల్లెడలు తెచ్చుకొని కట్ట తవ్వతా ఉండారు. మావోడు వద్దంటే వినడం లేదు. మీరొచ్చి ఏమీ లేవని చెప్పండి మేడమ్. మీరు చెబితే వింటారు."

వెంటనే బయల్దేరాల్సింది. రెండు క్లాసులు ఉన్నాయి, ప్రిన్సిపాల్ గారిని అడగాలి, వాన ఇంకా తగ్గలేదు. ఇవన్నీ నిజమే. కానీ అసలు సంగతి, నాకు భయం వేసింది. ఆ గుంపు ముందు నిలబడి ఏం చెప్పాలో తెలియలేదు. "రేపు పొద్దున్నే వస్తానక్కా. ఈలోగా గ్రూపులో రాస్తాను, అవి పచ్చలు కావని" అన్నాను. ఆమె వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయింది. నేను గ్రూపులో పెద్ద వివరణ రాశాను. దాన్ని ఎవరూ ఎవరికీ పంపినట్టు లేదు.

శుక్రవారం నేను వెళ్ళేసరికి కట్ట ఎలుకలు కొరికిన గోనెసంచిలా ఉంది. ఒక పక్క గుంటలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, నీళ్ళను చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. రెండో పక్క, గుంట నీటి మట్టానికి దిగువన, ఆమె తమ్ముడి వరి కయ్యలు. నాటి పది రోజులైనా కాలేదు, నారు అప్పుడే పచ్చ తిరుగుతోంది. మధ్యలో ఆ కట్ట మీద నలభై యాభై మంది. గుంట కౌలుకు చేసే మనిషి అరిచి అరిచి గొంతు పోయి, ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. తమ్ముడు గెనిమ గట్టు మీద తలకు తువ్వాలు చుట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. పక్కన ఆమె.

నేను కట్ట ఎక్కి కిందికి చూశాను. చూడగానే తెలిసిపోయింది. ఆ చుట్టుపక్కల నేలంతా నల్లగా ఉంది. తవ్విన కట్ట మాత్రం లోపల ఎర్రగా ఉంది. ఎర్రమట్టిలో తెల్లటి పలుగురాళ్ళు, వాటి మధ్య మైకా తళుకులు. ఆ నేలది కాదు ఆ మట్టి. మొదటి ఏడాది పిల్లలు కూడా చెప్పగలరు.

"ఈ మట్టి ఎక్కడిది?" అని తమ్ముడిని అడిగాను.

"మొన్న ఎండాకాలంలో గుంటోళ్ళు టిప్పర్లతో గ్రావెల్ తోలించినారు మేడమ్, కట్ట తెగకుండా. గూడూరు అవతల మైకా గుట్టల కాడి నించి."

నేను ఆమె వైపు చూశాను. ఆమె మామూలుగానే, గొంతు పెంచకుండా అంది. "ఆ పొద్దు నేను అదే చెప్పబోయినాను మేడమ్. మీరు కత్తి అడిగినారు."

కట్ట మీద ఎత్తుగా ఉన్న చోట నిలబడి గట్టిగా చెప్పాను. ఆ ఫోటో తీసింది నేనేనని, అవి పచ్చలు కావని, ఈ మట్టి ఎక్కడినుంచో తెచ్చి పోసిందని, దీని కింద ఏమీ లేదని. కొంతమంది గడ్డపారలు ఆపి విన్నారు. ఒకాయన అడిగాడు.

"ఏమీ లేకపోతే మీరెందుకొచ్చినారు మేడమ్ ఇంత దూరం?"

ఒకరిద్దరు నవ్వారు. "గవర్నమెంటోళ్ళు వచ్చేదాకా మనల్ని ఆపమని పంపించుంటారు" అని ఇంకెవరో అన్నారు. ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి పిడికిలి విప్పింది. అరచేతిలో నాలుగు ఆకుపచ్చ ముక్కలు. తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాను. "ఇవి సీసా పెంకులమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వాటిని నా చేతిలోంచి ఒక్కొక్కటే ఏరుకుని, కొంగున ముడి వేసుకుని, మళ్ళీ తవ్వడానికి పోయింది.

మధ్యాహ్నం తర్వాత ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి అందరినీ పంపించేశారు. జనం వెళ్ళాక తమ్ముడు, అతని భార్య, అతని అక్క, గుంట మనుషులు కలిసి ఇసుక మూటలు మోసి గోతులు పూడ్చారు. నేనూ చెప్పులు విడిచి ఒక చివర పట్టుకోబోయాను. "మీరు జారతారు మేడమ్, ఉండండి" అని తమ్ముడు నా చేతిలోంచి మూట తీసుకున్నాడు. మర్యాదగానే తీసుకున్నాడు. ఆ మర్యాదకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శనివారం వాయుగుండం అన్నారు. ఆదివారమంతా తెరిపి లేకుండా కురిసింది. సోమవారం ఆమె డ్యూటీకి రాలేదు. ఫోను కలవలేదు. మంగళవారం వాళ్ళ ఊరి నుంచి వచ్చే స్టూడెంట్ ఒకమ్మాయి చెప్పింది, తవ్విన చోటే కట్ట తెగిందని, గుంటలోని ఉప్పునీళ్ళన్నీ కయ్యల్లో పడ్డాయని.

ఈసారి క్లాసుల సంగతి చూసుకోలేదు. వెళ్ళేసరికి నీళ్ళు చాలావరకు దిగిపోయాయి. నారు ఇంకా నిలబడే ఉంది గానీ కొసలు ఎర్రబారాయి. సాళ్ళ మధ్య చచ్చిన రొయ్యలు. వాసన రోడ్డు దాకా కొడుతోంది. తమ్ముడి భార్య వాటిని గంపలోకి ఏరి గెనిమ అవతల పారబోస్తోంది. తమ్ముడు ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా కోసం వేశాడు. నేను కూర్చోలేదు.

"తప్పు నాదయ్యా. చూడకుండా రాశాను, రాసింది పదిమందికీ చూపించాను" అన్నాను.

"మీరు కావాలని చేసినారా ఏంది మేడమ్" అన్నాడు తల తిప్పుకుని.

అతని భార్య గంప దించి నడుం నిటారు చేసింది. "కావాలని చేసుంటే నాలుగు తిట్టేదాన్ని. ఇప్పుడు ఎవుర్ని తిట్టేది?" అంది. మళ్ళీ వంగి ఏరడం మొదలుపెట్టింది.

ఆ పైరు పదిహేను రోజుల్లో పోయింది. వ్యవసాయం చదివిన నా స్నేహితురాలిని అడిగి, మట్టి పరీక్ష చేయించాను. జిప్సం చల్లి, మంచినీళ్ళు కట్టి, రెండు మూడుసార్లు కడిగి వదలాలన్నారు. జిప్సం నేనే పంపించాను. కాలవ నీళ్ళ కోసం తమ్ముడితో పాటు ఇరిగేషన్ ఆఫీసు చుట్టూ తిరిగాను. అతను వద్దనలేదు, ఎప్పుడూ సంతోషంగా రమ్మనలేదు కూడా. గుంట కౌలుదారు ఆ ఏటికి గుంట వదిలేసి వెళ్ళిపోయాడు.

కట్ట తెగిన వారానికి ఆమె మళ్ళీ డ్యూటీకి వచ్చింది. ల్యాబ్ ఊడ్చింది, బల్లలు తుడిచింది. బీరువాల తాళం చెవి మాత్రం నా బల్ల మీద పెట్టి, "దీన్ని ఇంక మీరే పెట్టుకోండి మేడమ్" అంది. రాళ్ళ మీద దుమ్ము పట్టడం మొదలైంది. ఇదివరకు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని అన్నం తినేది. ఇప్పుడు వెనక వరండాలో తింటోంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, తనంతట తను ఒక్క మాటా అనదు. నెల రోజులు అలా గడిచాయి. గదిలో మనిషి ఉండి కూడా లేనట్టు ఉండటం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

పుష్యమాసంలో ఒక రోజు ఆమెతో అన్నాను. "అక్కా, ఆ మట్టి ఏ గుట్టదో కనుక్కుందామనుకుంటున్నాను. రిజిస్టరులో తప్పు అట్లాగే ఉండిపోయింది. నువ్వూ వస్తావా?" వస్తుందనుకోలేదు. "ఆ టిప్పర్ డ్రైవర్ మావోడికి తెలుసు" అంది.

డ్రైవర్ గూడూరు అవతల ఒక టీ కొట్టు దగ్గర దొరికాడు. "మూడు గుట్టల నించి తోలినాం మేడమ్. ఏ లోడు యాడికి పోయిందో ఎవురికి గుర్తుంటాది?" అన్నాడు. మూడింటికీ వెళ్ళాం. పాత గనుల పక్కన పోసిన వ్యర్థాల గుట్టలు అవి. సర్కారుతుమ్మ పెరిగిపోయింది, ఎండకు మైకా కళ్ళలోకి కొడుతోంది. నేను ఒక వైపు, ఆమె ఒక వైపు వెతికాం. ఆమె కన్ను నాకంటే చురుకు. మొదటి గుట్టలో ఒక పచ్చ ముక్క, మూడో గుట్టలో రెండు ఆమెకే దొరికాయి. మన రాయితో పోలిస్తే రెండు చోట్లవీ ఒకేలా ఉన్నాయి. ఎక్కడిదో తేలలేదు. ఇక తేలదు కూడా.

తిరిగి వచ్చే బస్సు కోసం ఆ టీ కొట్టు దగ్గరే కూర్చున్నాం. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అంది.

"పైరు పోయిందని మావోడికి బాధ. నాకు అది కాదు మేడమ్. పన్నెండేండ్లు మీ కాడ పని చేసినాను. ఒక్క పొద్దన్నా నాకు నేనుగా ఏదైనా చెప్పబోయినానా? ఆ పొద్దు చెప్పబోయినాను."

"తప్పయిపోయిందక్కా" అన్నాను.

"మా ఊళ్ళో ఏమంటా ఉండారో తెలుసునా? అది రాయి పట్టుకపోయి తమ్ముడి కొంప ముంచింది అంటా ఉండారు. మిమ్మల్ని ఎవురూ అనడంలా. నన్నే."

బస్సు రాగానే ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది.

మర్నాడు రిజిస్టరు తెరిచాను. రాసింది చెరిపేయకూడదు, పైన దిద్దకూడదు, ఒక్క గీత కొట్టి కింద రాయాలి. అలాగే చేశాను. "రొయ్యల గుంట కట్ట మీద పోసిన గ్రావెల్‌లో దొరికింది. గ్రావెల్ గూడూరు అవతలి మూడు మైకా గుట్టల నుంచి వచ్చింది, ఏ గుట్టదో తెలియదు. మొదట రాసిన చోటు తప్పు, తప్పు రాసింది నేను." సంతకం పెట్టాను. అప్పుడు చూశాను, సేకరించినవారు అన్న గడిలో ఆ సోమవారం నా పేరే రాసుకుని ఉన్నాను. రాసిన సంగతి కూడా నాకు గుర్తులేదు. చేయి అంత మామూలుగా రాసేసింది.

ఆమెను పిలిచి చూపించాను. "ఇక్కడ నీ పేరు ఉండాలక్కా. నాది కొట్టేసి నీది రాస్తాను."

"వద్దు మేడమ్" అంది వెంటనే. "ఊళ్ళో అంటా ఉండేది చాలు. అది కాగితంలోకి కూడా ఎందుకు?"

నా పేరు కొట్టేశాను. ఆ గడి ఖాళీగానే ఉంది.

ఏడాది దాటింది. తాళం చెవి ఆమె ఇంకా తీసుకోలేదు. నేనే శనివారాలు రాళ్ళు తుడుస్తున్నాను. ఈ ఏడు తమ్ముడు మళ్ళీ నాట్లు వేశాడని ఆ ఊరి స్టూడెంట్ అమ్మాయి చెబితే, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. రోడ్డు వైపు కయ్యలు బాగానే ఉన్నాయి. కట్ట వైపు రెండు మూడు బారల మేర పైరు లేవలేదు, నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. తమ్ముడి భార్య అవతలి కయ్యలో కలుపు తీస్తూ నన్ను చూసింది. చేయి ఎత్తాను. ఆమె కాసేపు అలాగే చూసి మళ్ళీ వంగింది. బస్సుకు ఇంకా గంట ఉంది. ఆ గంటా గెనిమ మీదే నిలబడ్డాను.